నేలపట్టులో ఒక ఉదయము

ఛాయాచిత్రము తీయువారికి ఇంకను దగ్గరగా పోవలెనను కోరిక సహజము. గూటిలోనున్న పక్షి విషయమున ఆ కోరిక ఎంత కీడు చేయగలదో మాకు నేలపట్టు నేర్పినది.

తిరుపతి నుండి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా దొరవారిసత్రము చేరి, దాని చెంతనున్న నేలపట్టు చెరువునకు పోయినాము. 1976లో పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన ఈ తావు, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదై, ఆ యేట తిరుపతి జిల్లాలో చేరినది. వైశాల్యము సుమారు 459 హెక్టార్లు. పులికాటు సరస్సు దాపున ఉండుట దీని భాగ్యము. గూడబాతులు అచ్చట చేపలు పట్టి, ఇచ్చట పిల్లలను సాకును.

మేము పోయినది జనవరి మాసము. నీటిలో నిలిచిన కడపచెట్ల కొమ్మలన్నియు గూళ్ళే. గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు చెట్టు చెట్టుననూ కాపురమున్నవి. ధ్వనిని నమ్మి బ్రతుకువారము గనుక మేము మొదట చెవి యొగ్గితిమి. పెద్ద గూడబాతు ఇంచుమించు మూగది. కోలాహలమంతయు ఆకలిగొన్న పిల్లలది. తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలను ఆ గొంతుసంచిలోనికి దూర్చి చేపను అందుకొనును.

ఆ దృశ్యమును పట్టవలెనని మాలో ఒకరు కట్ట దిగి నాలుగడుగులు వేసిరి. దగ్గరి చెట్టు మీది పక్షులు ఒక్కుమ్మడి లేచినవి. వెంటనున్న వాచరు చేయి అడ్డుపెట్టి, "వద్దయ్యా, మీరు దిగితే అవి లేస్తాయి, అవి లేస్తే కాకులు దిగుతాయి" అనెను. ఆ మాట ముగియకమునుపే ఒక కాకి గూటి యంచున వాలినది. కొత్తగా పుట్టిన పిల్లకు ఒంటిమీద ఈకలు ఉండవు. ఎండకైనను, శత్రువునకైనను తల్లి రెక్కయే అడ్డు. మేము వెనుకకు తగ్గితిమి. తల్లి తిరిగివచ్చి గూటిలో కూర్చొనువరకు మాలో ఎవరమును కెమేరా ఎత్తలేదు.

ఈ చెరువులో పక్షుల రెట్ట కలిసి, ఆ నీరు పొలములకు ఎరువగునని ఊరి రైతులు ఎరుగుదురు. అందుచేత ప్రభుత్వ ప్రకటనకు ముందునుండియే వారు ఈ అతిథులను ఆదరించినారు.

చిత్రములు తీయ గోరువారికి మా మనవి ఒక్కటే. తెల్లవారుజామున పోవలెను, సూర్యుని వెనుకనుంచుకొని, కావలిగోపురము మీదనే ఓపికతో నిలువవలెను. దూరమును లెన్సుతో తగ్గింపవచ్చును గాని కాళ్ళతో తగ్గింపరాదు.

మేము తెచ్చిన చిత్రములో పక్షులు చిన్నవి, చెట్లు, ఆకాశము పెద్దవి. అయినను మాకు తృప్తియే. అందులో ఒక్క పక్షియు మా వైపు చూచుట లేదు.