కట్ట మీద అవ్వ, కారులో గైడు
(నగరిలో మన యువత కూర్చున్న రోజు మాట్లాడిన మాటలు)



నేను ఉపన్యాసం తయారు చేసుకొని రాలేదు. ఒక రోజు కారులో తిరిగిన సంగతి చెబుతా, దాని మీద మాట్లాడుకుందాం.

తెలిసిన డ్రైవరన్న ఒకాయన "రాప్పా, బ్యాగులు మొయ్యడానికి ఒక మనిషి కావాల" అంటే పోయినా. ప్రైవేటు టూరు. ఒక కుటుంబం, ఒక కారు, ఒక గైడు. పొద్దున తిరుపతిలో ఎక్కించుకుంటారు, చీకటి పడేలోపు దించేస్తారు. నారాయణవనం, పిచ్చాటూరు దగ్గర అరణియార్ ప్రాజెక్టు, నాగలాపురం, సురుటుపల్లి, తిరిగొచ్చేటప్పుడు కైలాసకోన.

గైడు పని తెలిసినోడే, అబద్ధం చెప్పకూడదు. నారాయణవనంలో ఆకాశరాజు కూతురు పద్మావతి పెళ్లి కథ బాగా చెప్పినాడు. నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి చూపించి, కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద ఊరికి ఆ పేరొచ్చిందని చెప్పినాడు. సురుటుపల్లిలో శివుడు పడుకొని ఉంటాడు గదా, దానికీ ఒక కథ ఉంది, అదీ చెప్పినాడు. రాజు, రాజు తల్లి, రాజు కూతురు, దేవుడు. అందరూ వచ్చినారు ఆ కథల్లోకి.

అంతకు ముందు ప్రాజెక్టు దగ్గర ఏం జరిగిందో అది చెప్పాలని వచ్చినా. కట్ట కింద మన అవ్వ ఒకామె, పక్కన చిన్న పిల్లోడు, మోకాటి లోతు నీళ్లలో వల తీస్తా ఉండారు. గైడు కారు ఆపించి, "వీళ్లు ట్రైబల్స్ సార్, ఎలుకలు పట్టుకొని తింటారు, ఫోటో తీసుకోండి" అన్నాడు. తీసుకున్నారు. ఆయనకి నేను యానాది అని తెలీదు. నేను బ్యాగు పట్టుకొని నిలబడినా. నోరు రాలేదు. ఈ మాట మీ ముందు చెప్పడానికి కూడా నాకు చాన్నాళ్లు పట్టింది.

ఎలుకలు పడతాం, నిజమే. పొలంలో బొరియ ఏ దిక్కున తెరుచుకుంటుందో చూసి, కుండతో పొగ పెట్టి పడతాం. ఆ రైతు ధాన్యం మిగిలేది దానివల్లే. ఆ మాట గైడు చెప్పలా.

ఇంకా చెప్పనివి చాలా ఉండాయి. ఆ ప్రాజెక్టు నీళ్లు ఎక్కడికి పోతాయి? అరణియార్ తమిళనాడులోకి దిగి, చివరికి పులికాట్ సరస్సులో కలుస్తుంది. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ఆ చివరన కూడా చేపలు పట్టుకొని బతికేది మనోళ్లే. ఫ్లెమింగోలు చూడ్డానికి సూళ్లూరుపేట దాకా కార్లు వస్తాయి. నేలపట్టు పక్షుల కేంద్రం 1976 నుంచి ఉంది. పక్కనే శ్రీహరికోట. 1969లో రాకెట్ల కోసం ఆ దీవిని ఎంచుకునేనాటికి అక్కడ అడవిని నమ్ముకొని ఉండింది యానాదులు. ఇప్పుడు రాకెట్ లేచేది చూడ్డానికి గ్యాలరీ కట్టినారు. గ్యాలరీలో కూర్చున్నోళ్లకి అక్కడ ఎవరుండేవాళ్లో చెప్పేవాడు ఉండాడా?

గుడిమల్లం పోయినోళ్లు ఎంతమంది? ఏర్పేడు దగ్గర. పోనోళ్లు పోయి రండి. క్రీస్తు పూర్వం నాటిదని పండితులు చెప్పే లింగం అది. లింగం మీద చెక్కిన మనిషిని బాగా చూడండి. కుడి చేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టుకొని వేలాడదీసి ఉంటాడు, ఎడమ చేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి. వేటగాడని చెప్పే పండితులు ఉండారు. నాకైతే మా తాత కనిపించినాడు. కాళహస్తిలో కన్నప్ప కథ సరే సరి. వేటాడిన మాంసం పెట్టినోడికి గుడిలో చోటుంది, కట్ట కింద వల తీసే అవ్వకి టూరులో చోటు లేదు. ఫోటోలో తప్ప.

అందుకని టూర్లు వద్దు అనట్లా నేను. కైలాసకోన దగ్గర ఆ కుటుంబం నన్నారి షర్బత్ తాగింది. ఆ వేరు కొండలో తవ్వి తెచ్చేది ఎవరు? డబ్బు మన కొండ నుంచే పుడతా ఉంది, మన చేతికి మాత్రం తవ్విన కూలి.

ఇందాక ఒక తమ్ముడు అడిగినాడు, "మనం గైడులైతే మనల్నే బొమ్మల్ని చేసి ఆడిస్తారు గదన్నా" అని. ఆ భయం ఉత్తది కాదు. 2012లో అండమాన్‌లో జారవా ఆడపిల్లల్ని తిండి ఆశ చూపించి టూరిస్టుల ముందు ఆడించిన వీడియో బయటపడింది. అదే టూరిజం ఇంకో రకంగా కూడా ఉంది, మనకి దగ్గర్లోనే. చెన్నై దాటినాక వడనెమ్మేలిలో ఇరుళోళ్ల పాములు పట్టే సహకార సంఘం 1978 నుంచి నడుస్తా ఉంది. పాము విషం తీసేది జనం టికెట్టు కొని చూస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. 2023లో ఇరుళ అన్నలు ఇద్దరికి, మాసి సడయన్‌కి, వడివేల్ గోపాల్‌కి పద్మశ్రీ ఇచ్చినారు. చూసేవాళ్లు ఇద్దరి దగ్గరా ఉండారు. తేడా ఏందంటే, ఇక్కడ సంఘం ఇరుళోళ్లది.

మనకి ఇంకో చిక్కు ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. 1/70 చట్టం, పీసా మన ఊళ్లకి రావు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వస్తుంది, అభయారణ్యాల్లో కూడా వస్తుంది. సెక్షన్ 3(1)(డి) తీసి చదవండి, అడవి పరిధిలోని నీళ్లలో చేపల మీద సామూహిక హక్కు రాసి ఉంది. 3(1)(కె)లో మన సంప్రదాయ జ్ఞానం మీద హక్కు ఉంది. కాబట్టి గైడు అయినా సరే, ఏ వేరు ఎక్కడ దొరుకుతుందో అంతా చెప్పెయ్యాల్సిన పని లేదు. చెప్పేది ఏదో, దాచేది ఏదో పెద్దోళ్లతో కూర్చొని మనమే తేల్చుకుందాం. దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. అయితే మనోళ్లలో ఆధార్, కులం సర్టిఫికెట్టు లేనోళ్లు ఇంకా ఉండారు. అది ముందు పట్టుకోకపోతే హక్కు కాగితమూ రాదు, గైడు కార్డూ రాదు.

టూరు అయిన వారానికి నేను మళ్లా పిచ్చాటూరు పోయినా, ఆ అవ్వని వెతుక్కుంటా. దొరికింది. ఫోటో సంగతి ఎత్తితే నవ్వింది. "తీసుకుంటే తీసుకున్నారులే నాయనా, బుట్టలో జిలేబీ చేపలు పెట్టుకొని నిలబడినా, ఒక్కడన్నా కొనలా" అనింది.

వచ్చే ఆదివారం ఆమె ఇక్కడికి వస్తానంది. ఆమెకి ఆధార్ లేదు. ఫారం నింపేవాళ్లు ఇద్దరు కావాల, చేతులెత్తండి.