పద్యము – బాలుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక తెలుగు ఉపాధ్యాయుని ప్రసంగము)



ఏడవ తరగతి పిల్లలకు పద్యమన్న నంత వెగటు ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానమును నా తప్పు నొప్పుకొని ప్రారంభింతును. చిరకాలము నేను పద్యమును ప్రతిపదార్థముగా ముక్కలు చేసి, అప్పజెప్పలేనివారిని బల్లపై నిలబెట్టితిని. పాలేరు కుమారుడొకడు పద్యపాఠమనగానే కాలువగట్టునకు పారిపోవుచుండెడివాడు. వానిని మొద్దని తలచితిని.

ఒక సంక్రాంతికి ముందు వానిని కళ్ళములో చూచితిని. తండ్రితో ధాన్యము కొలుచుచు "లాభం, రెండు, మూడు" అని రాగము తీయుచుండెను. ఆరు తరువాత "ఆరున్నొక్కటి" అనెను. "ఏడు అనవేమిరా?" అని యడిగితిని.

"గింజల దగ్గర ఆ మాట అనకూడదండి మాస్టారూ. ఏడవమన్నట్టుంటాదండి" అని వాడు చెప్పెను.

అయ్యలారా! ఒక మాటలో రెండర్థములు కనిపెట్టి, మంగళమైనదానిని నిలుపుకొనుట కవి చేయు పనియే గదా! మొద్దును నేనే గాని వాడు గాడు.

నాటినుండి పద్ధతి మార్చితిని. మొదట పొడుపుకథలు, పిదప చప్పట్లతో ఆటవెలది. సూర్యగణమునకు మూడు మాత్రలు: మూడు లఘువులు గాని, ఒక గురువు, ఒక లఘువు గాని. "పడవ, కలువ, కోడి, పుంత" అని పిల్లలు తమ యూరి మాటలతోనే గణములు కూర్చిరి. వేమన పద్యములలో నచ్చినదానిని వారినే ఎన్నుకొననిచ్చితిని. అర్థము వారడిగిన పిదపనే చెప్పితిని.

కవిత్వము ఏ కొందరి సొత్తో కాదు. మన మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్నగారు "పాలేరు" నాటకము వ్రాసిరి. "గుడిసెలు కాలిపోతున్నై" కావ్యమునకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిరి.

కాని నాకీ బుద్ధి కలుగునప్పటికి ఆ బాలుడు బడి మానినాడు. వానికి నేను బాకీపడితిని. ఆ బాకీని ఇతరుల పిల్లలకు తీర్చుచున్నాను.

కావున మీకొక మనవి. ప్రతి శనివారము సాయంకాలము ఈ గ్రంథాలయమున ఒక గంట పిల్లలకు విడువుడు. ఆ గంటసేపు "నిశ్శబ్దము" అను పలకను త్రిప్పి పెట్టుడు. వారు గొంతెత్తి చదువుదురు గాక, తప్పులు చదువుదురు గాక! పెద్దలు పరీక్షింపక వినుడు.

మొదటి శనివారమును ఒకటి యనకుడు. లాభమని లెక్క మొదలిడుడు.

సెలవు.