బిడ్డల కాపుదల: చట్టం మన మీద వుంచిన బాధ్యత

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మాస్టర్ సాబ్, ఈ యేడు చదువుల మీద కాకుండా పిల్లల సంరక్షణ మీద నాలుగు మాటలు చెప్పండి. మన దగ్గర పనిచేసే వాళ్ళకి చట్టం యేమంటుందో తెలియాలి" అని కార్యదర్శిగారు కోరారు. మేము వకీళ్ళం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా, చట్టం తెలియదన్నంత మాత్రాన చట్టం మనల్ని వదలదు గనుక, చదివి తెలుసుకున్నంత వరకు మీ ముందు వుంచుతున్నాము.

ముందుగా, పిల్లలతో పనిచేసేవారంటే యెవరు? మన ఇస్లాంపేటలోనో, వించిపేటలోనో, సింగ్‌నగర్‌లోనో తెల్లవారిన దగ్గర నుంచి ఒక పిల్లవాడు యెంతమంది చేతుల మీదుగా వెళతాడో లెక్కవేయండి. పొద్దున్నే మక్తబ్‌లో ఉస్తాద్, దారిలో ఆటో భాయి, బడిలో టీచరు, మధ్యాహ్నం అన్నం పెట్టే ఆయమ్మ, సాయంత్రం ట్యూషన్ చెప్పే ఆపా. హాస్టలు పిల్లవాడైతే వార్డెన్, వంటమనిషి, వాచ్‌మన్ కూడా. బాధ్యత వీరందరిదీ.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ళ పసిపాప మీద అఘాయిత్యం జరిగినట్టు బయటపడింది. చేసినవాడు పంతులు కాదు, ప్రిన్సిపాల్ కారు నడిపే డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 సంవత్సరాల శిక్ష విధించింది. మనం టీచరును తీసుకునేటప్పుడు సర్టిఫికెట్టు చూస్తాం, ఉస్తాద్‌ను తీసుకునేటప్పుడు సనద్ చూస్తాం. డ్రైవరును, వంటమనిషిని మాత్రం "మనవాడే" అని తీసుకుంటాం. 2020 నాటి పోక్సో నియమాలు అలా కుదరదంటున్నవి. పిల్లలను వుంచుకునే సంస్థ గాని, పిల్లలతో నిత్యం సంబంధం వున్న సంస్థ గాని, పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా, ప్రతి ఉద్యోగి గురించీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. ఒకసారి చేయించి వూరుకోవడం కాదు, అప్పుడప్పుడూ మళ్ళీ చేయించాలి.

ఇక చట్టాల సంగతి. ముఖ్యంగా రెండు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి పోక్సో చట్టం. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడడానికి వచ్చింది. 2012 నవంబరు 14 నుంచి అమలులో వుంది. 18 యేళ్ళు నిండనివారందరూ ఈ చట్టానికి బిడ్డలే. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. "మగపిల్లవాడికేమవుతుందిలే" అని తేలికగా తీసుకునే పెద్దలు ఈ మాట బాగా వినాలి. బడిలో గాని, మత సంస్థలో గాని, పిల్లల హోములో గాని పనిచేసేవాడే నేరం చేస్తే దాన్ని మరింత ఘోరమైన నేరంగా చట్టం లెక్కిస్తుంది. శిక్ష కూడా అంత యెక్కువ.

రెండవది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమలయింది. అనాథలు, తప్పిపోయినవారు, ఆదరణ లేని బిడ్డల సంరక్షణ యెలా జరగాలో ఇది చెబుతుంది. పిల్లలను అప్పగించుకున్నవారు వాళ్ళను హింసిస్తే శిక్ష యేమిటో కూడా ఇందులోనే వుంది.

పోక్సో 19వ సెక్షన్‌ను మన సంస్థల్లో పనిచేసే ప్రతివారూ కంఠస్థం చెయ్యాలంటాము. నేరం జరిగినట్టు తెలిసినవారు గాని, జరగబోతుందని భయం కలిగినవారు గాని, యెవరైనా సరే, పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే సంవత్సరం వరకు జైలు, జరిమానా కూడా. అంటే, అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ, మీ శిక్ష వంటమనిషి శిక్ష కంటే పెద్దది.

"నిజమో అబద్ధమో తేల్చుకున్నాక చెబుదాం" అంటారు కొందరు. తేల్చడం మన పని కాదు, పోలీసుల పని, కోర్టు పని. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో ఒక హాస్టలులో గిరిజన బాలికల మీద అత్యాచారాలు జరిగాయి. ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు విషయం తెలిసీ చెప్పలేదని కేసు పెట్టారు. హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసి, తెలిసీ చెప్పకపోవడం చిన్న తప్పు కాదనీ, నేరస్తులను కాపాడే ప్రయత్నమనీ స్పష్టం చేసింది. డాక్టరుకే మినహాయింపు లేనప్పుడు మనకు వుంటుందా?

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. కొందరికి కష్టంగా తోచవచ్చు, మన్నించాలి. మన మొహల్లాల్లో ఇలాంటిది యేదైనా బయటపడితే ముందుగా జరిగేదేమిటి? నలుగురు పెద్దలు కూర్చుంటారు. "బయటకు పోతే జమాత్ పరువు పోతుంది, సంస్థకు చందాలు ఆగిపోతాయి, ఆడపిల్ల పెళ్ళి యెలా అవుతుంది" అంటారు. తల్లిదండ్రుల చేత సరే అనిపిస్తారు. తప్పు చేసినవాడిని రాత్రికి రాత్రి వేరే వూరికి పంపిస్తారు. అంతటితో సమస్య తీరిందనుకుంటారు. తీరలేదు సోదరులారా! బెజవాడలో తీసివేసినవాడు జగ్గయ్యపేటలోనో, బందరులోనో ఇంకొక సంస్థలో చేరతాడు. అక్కడ వున్నది కూడా పిల్లలే. మన పరువు కోసం వాళ్ళను బలి ఇచ్చామన్న మాట.

ఇటువంటి రాజీకి చట్టంలో చోటు లేదు. తల్లిదండ్రులు వద్దన్నా, తెలిసినవాడు చెప్పే తీరాలి. కమిటీ తీర్మానం చేసినా చెల్లదు. చందాల లెక్కలో పైసా తేడా వస్తే ఆడిటరును పిలిచి నిలదీసే మనం, బిడ్డ విషయంలో గుట్టుగా వుండడం యేం న్యాయం? యతీం బిడ్డను మనకు అమానత్‌గా ఇచ్చారు. అమానత్ బిడ్డేగాని బిల్డింగు కాదు.

పోలీసు స్టేషన్ అంటే చాలామందికి భయం. ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకు. అందుకే చట్టం కొన్ని రక్షణలు పెట్టింది. బిడ్డ వాఙ్మూలం ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫారంలో వుండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో వుంచరాదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చెయ్యాలి. బిడ్డ పేరు, ఫోటో, బడి, ఇల్లు గుర్తుపట్టే సంగతులు పత్రికల్లో వెయ్యడం నేరం. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఫలానా వీధి, ఫలానా వారి అమ్మాయి" అని పంపేవారు కూడా జాగ్రత్త పడాలి. ఇక సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు వుండదు.

మా వంటి ఉర్దూ టీచర్లకు ఇందులో ఒక ప్రత్యేక కర్తవ్యం వుంది. మన పిల్లలు బజారులో తెలుగు మాట్లాడినా, భయం వేసినప్పుడు, సిగ్గు పడినప్పుడు ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే చెబుతారు. రాసుకునే అధికారికి ఆ మాట అర్థం కాకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది. అవసరమైతే బిడ్డకు దుబాసీని యేర్పాటు చెయ్యాలని చట్టంలోనే వుంది. ఈ హక్కును అడిగి తీసుకోవాలి. భాష వచ్చిన మేము "మాకెందుకులే" అని పక్కకు తప్పుకోరాదు.

ఇక బెత్తం సంగతి. "కొట్టకపోతే చదువు వస్తుందా?" అని తండ్రులే మమ్మల్ని అడుగుతుంటారు. మన రాష్ట్రంలో బడుల్లో కొట్టడాన్ని 2002లోనే నిషేధించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం శరీరాన్ని నొప్పించడంతో పాటు మనసును నొప్పించడాన్ని కూడా నిషేధించింది. 2012 సవరణ వల్ల మదరసాలకు, వేద పాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదు, నిజమే. కాని దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ వుంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారు గాని, దాన్ని నడిపేవారు గాని బిడ్డను హింసిస్తే అయిదేళ్ళ వరకు కఠిన శిక్ష, అయిదు లక్షల వరకు జరిమానా. బోర్డు మీద యే పేరు రాసి వున్నా ఇది తప్పదు.

మన బెజవాడకు ఇంకొక ప్రత్యేకత వుంది. ఇది పెద్ద జంక్షన్. ఢిల్లీ వైపు నుంచి, కలకత్తా వైపు నుంచి, మద్రాసు వైపు నుంచి వచ్చే రైళ్ళన్నీ ఇక్కడ కలుస్తవి. ఇంటి నుంచి పారిపోయిన పిల్లలు ఇక్కడ దిగుతుంటారు. వారి కోసం నవజీవన్ బాలభవన్ 1989 నుంచి పనిచేస్తున్నది. అలాంటి పిల్లవాడు మనకు కనబడితే, జాలితో సరాసరి మన హాస్టలులో చేర్చుకోవడం గాని, తెలిసిన షెడ్డులో పనికి పెట్టడం గాని చెయ్యరాదు. 24 గంటలలోపు పోలీసులకో, 1098 నంబరుకో, బాలల సంక్షేమ సమితికో తెలియజేయాలి. యెక్కడ వుంచాలో ఆ సమితి నిర్ణయిస్తుంది. ఆదరణ లేని పిల్లలను వుంచుకునే ప్రతి హోము రిజిస్టరు కావాలి. 2017లో సుప్రీంకోర్టు ఆ యేడాది చివరికల్లా అన్ని హోములనూ రిజిస్టరు చెయ్యమని గడువు పెట్టింది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సంవత్సరం వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

కాగితాలు మనకు కూడా రక్షణ. 2023 మే నెలలో బిహార్ నుంచి మహారాష్ట్ర మదరసాలకు చదువుకోను వెళుతున్న 59 మంది పిల్లలను రైలులో నుంచి దింపారు. వెంట వున్నవారిని పిల్లల రవాణా నేరం కింద అరెస్టు చేశారు. తరువాతి యేడు ఆ కేసును మూసివేశారు. ఈలోపు వారు జైలు చూడవలసి వచ్చింది, పిల్లలు కన్నవారికి దూరంగా వుండవలసి వచ్చింది. కాబట్టి పిల్లలను దూరం తీసుకు వెళ్ళేటప్పుడు తల్లిదండ్రుల సంతకంతో అనుమతి, గుర్తింపు కార్డులు, చేర్చుకునే సంస్థ ఉత్తరం, ఫోను నంబర్లు చేతిలో వుంచుకోవాలి.

చివరగా కమిటీవారికి కొన్ని మనవులు. ప్రతి ఉద్యోగికి పోలీసు వెరిఫికేషన్ చేయించి ఫైలులో పెట్టండి. 1098, 112 నంబర్లు తెలుగులో, ఉర్దూలో రాసి, పిల్లల కంటికి అందే యెత్తులో గోడకు అంటించండి. తలుపు మూసిన గదిలో యే పెద్దవాడూ ఒక్క బిడ్డతో ఒంటరిగా వుండరాదని నియమం పెట్టండి. రాత్రి డ్యూటీ యెవరిదో రిజిస్టరులో రాయండి. పిల్లలు చెప్పుకోవడానికి ఒక ఆపాను, ఒక మాస్టరును నియమించండి. బిడ్డ చెప్పినప్పుడు మధ్యలో గద్దించకుండా వినడం వారికి నేర్పండి. "నువ్వెందుకు వెళ్ళావు?" అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ బిడ్డ మళ్ళీ నోరు విప్పదు.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి బహు తక్కువ. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో మొదటి అంశంగా ఈ విషయం పెట్టి, యెవరు యే పని చేస్తారో పేర్లతో సహా మినిట్స్ పుస్తకంలో రాయవలసిందిగా కోరుతున్నాము. వెరిఫికేషన్ దరఖాస్తులు నింపడానికి మా బడి టీచర్లం వచ్చి కూర్చుంటాము.