పాత ఇంజను కొనువారికి

జీవనాధారమైన పికప్ బండికి ఇంజను చెడి, కొత్తది కొనుటకు శక్తి చాలక, విజయవాడ ఆటోనగరులో పాత ఇంజను వెదకువారు మొట్టమొదట చూడవలసినది ధర గాదు, దానిపై చెక్కిన సంఖ్య. ఏలయన, అది అరగదీయబడియున్నచో ఆ వస్తువు దొంగసొత్తు కావచ్చును, ఎంత చౌకయైనను ముట్టరాదు. పిమ్మట ఆయిలు మూత విప్పుడు: దాని అడుగున పాలమీగడవంటి తెల్లని జిడ్డు పేరుకొనియున్నచో, రేడియేటరు నీరు ఇంజనాయిలులో కలియుచున్నదేమో, హెడ్ గ్యాస్కెట్టు చెడినదేమో యని శంకింపవలెను. కొత్త రంగు మెరుపును నమ్మక, ప్రతి సిలిండరునకును కంప్రెషన్ కొలిపింపుడు. వానిలో మిక్కిలి భేదము కనబడినచో పిస్టన్ రింగులో, వాల్వులో అరిగియుండవచ్చును. రసీదు మరువకుడు, ఇంజను మార్చిన 14 దినములలోగా, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, రవాణా కార్యాలయమున ఆ కొత్త సంఖ్యను ఆర్.సి.లో నమోదు చేయించుటకు తెలియజేయవలెను.