సంఘం: ఒక పరాభవము నుండి చిలుకూరు వరకు

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో జరిగిన సంఘసంస్కరణ సభ ఆంగ్ల, మరాఠీ ఉపన్యాసాలను శ్రద్ధగా ఆలకించింది. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా మాత్రం గేలిచేసింది. ఆ రాత్రియే కొందరు మిత్రులు టేకుమాల రంగారావుగారి యింట చేరి ఆంధ్ర జనసంఘమును స్థాపించారు. అవమానమును ఈ విధంగా ఫలవంతం చేసికొనుట అందరికీ సాధ్యంకాదు.

మాడపాటి హనుమంతరావుగారు ఆ సంఘమును ఓర్పుతో పెంచారు. బహిరంగసభకు సర్కారు అనుమతి కావలెనని శాసించే గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలమది. అందువలన గ్రంథాలయాలు, వెట్టిచాకిరి విషయమైన కరపత్రాలే దాని ఆయుధాలు. 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన, అది ఆంధ్రమహాసభగా రూపొందింది.

అయినను అది చిరకాలం వకీళ్ల కూటమివలెనే ఉండెను. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల రైతు, అధికారుల మూటలను ఉచితంగా మోసే మనిషి, దానిలో తమ స్థానమేదో ఎరుగరు. 1941లో కోదాడకు సమీపాన చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులుగా సభ జరిగిన పిమ్మట నల్లగొండ పల్లెలు ముందుకు వచ్చాయి. 1944లో భువనగిరిలో మహాసభ చీలగా మితవాదులు వేరుపడిరి. ఆ చీలికను తప్పుపట్టేవారున్నారు. నాకది అనివార్యమని తోచును. పల్లెవాసులు దానిని పూర్తిపేరుతో పిలువలేదు. వారికది ‘సంఘం’ మాత్రమే.