కారమును గూర్చి కొన్ని అపోహలు



మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము, పండితులము కాము. కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నారు గనుక, హుబ్బళ్ళిలో ప్రతి తెలుగు ఇంటికీ తగిలిన మాటనే ఎత్తుకుంటున్నాము. "మీరు ఆంధ్రులు గదా, కారము లేనిదే ముద్ద దిగదట!" అని ఇరుగుపొరుగువారు నవ్వుతారు. వారికి మనపై ద్వేషము లేదు. కాని ఆ మాట విని మన పిల్లలు కొందరు బడిలో అన్నపు డబ్బా మూత తీయడానికి సిగ్గుపడుతున్నారు. మరికొందరు పచ్చిమిరపకాయ కొరికి, కంట నీరు కార్చి, తెలుగువారమని నిరూపించుకుంటున్నారు. రెండూ మంచివి కావు.

మొదటి అపోహ, మిరపకాయ మన తాతముత్తాతల సొత్తు అనేది. అది అమెరికా ఖండములో పుట్టినది. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరిన తరువాత, పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికి వచ్చినది. నన్నయ, తిక్కన, శ్రీనాథుడు దాని రుచి ఎరుగరు. వారి కాలములో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లము. కొత్త కాయకు మనము మిరియము పేరు మీద మిరపకాయ అన్నాము. కన్నడిగులు తమ మెణసు పేరు మీద మెణసినకాయి అన్నారు. ఒకే అతిథికి రెండిళ్ళవారూ ఒకే తీరుగా పేరు పెట్టారన్నమాట.

రెండవది, ఎరుపే కారమనేది. మన చెంతనే పండే బ్యాడగి మిరపకాయకు రంగు మెండు, ఘాటు తక్కువ. గుంటూరు మిరపకాయకు దానికంటె ఘాటు ఎక్కువ. ఆ ఘాటు కూడా గింజలలో పుట్టదు. గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగములో పుడుతుంది.

మూడవది, కారానికి మంచినీళ్ళు మందు అనేది. ఘాటునిచ్చే కాప్సైసిన్ నీటిలో కరగదు. పాలు, పెరుగు దానిని తగ్గిస్తాయి. భోజనము చివర పెరుగన్నము తినే మన అలవాటు ఇందుకు చక్కగా సరిపోయింది.

అసలు కారము నాలుకకు తెలిసే రుచి కాదు. వేడిని తెలిపే నరములే మంటను తెలుపుతాయి. ఈ సంగతి కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానములో భాగము దక్కినది. అలవాటుపడిన నోరు ఆ మంటను ఓర్చుకుంటుంది. లేని నోరు ఓర్వదు. అది అలవాటే గాని, జాతి లక్షణము కాదు. కారము తినలేని పిల్లవాడు తెలుగుతనములో ఏమీ తక్కువ కాడు.

ఇక ఇక్కడివారు జొన్నరొట్టెతో తినే ఎర్రమిరప రంజక రుచి చూసినవారు కారమంతా ఆంధ్రులదే అనరు. మన వంటలోనూ ముద్దపప్పు, కమ్మని నెయ్యి, పులుసు, పరమాన్నము లేవా? ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటే కారము ఒక్కటే. దానికీ కొందరు మిరియాల పొడి వేస్తారు, కొందరు మిరపకాయ వేస్తారు.

ఈ రోజే కన్నడిగులు బేవు బెల్ల పంచుకుంటారు. వారు పెట్టినది మనము తిందాము. మన పచ్చడితోపాటు ఒక గిన్నెడు ముద్దపప్పు, నెయ్యి వారి ఇంటికి పంపుదాము. వంద వాదనలకంటె ఆ గిన్నె ఎక్కువ పని చేస్తుంది. గిన్నె తీసుకుపోయే పని పిల్లలకే అప్పగించండి. సెలవు.