వేలంలో చవక ఆస్తి: కొనేముందు నాలుగు మాటలు



దివాలా తీసిన కంపెనీ స్థలం చవగ్గా వస్తోందట, నలుగురం కలిసి కొందామా అని మనవాళ్లు మమ్మల్ని అడుగుతున్నారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

చవక ఎందుకయింది? 2016 నాటి దివాలా చట్టం కింద, కంపెనీని నిలబెట్టే దారి దొరకనప్పుడు లిక్విడేటరు దాని ఆస్తులు అమ్మివేస్తాడు. మొదటి పాటకు ఎవరూ రాకపోతే కనీస ధరను 25 శాతం దాకా తగ్గించి మళ్లీ పాట పెట్టవచ్చు.

అయితే అమ్మకం ‘ఉన్నది ఉన్నట్టే’ జరుగుతుంది. ఆక్రమణ ఉందా, పన్ను బకాయి ఉందా, కోర్టు దావా ఉందా అని ముందే విచారించుకోవలసింది కొనేవాడే.

ఇక డబ్బు సంగతి. పాట దక్కాక మిగతా సొమ్ము 90 రోజుల్లో కట్టాలి. 30 రోజులు దాటితే 12 శాతం వడ్డీ. వడ్డీ జోలికి పోవద్దనుకునే మనం సొమ్ము చేతిలో పెట్టుకునే పాటకు వెళ్లాలి. గడువు తప్పితే అమ్మకమే రద్దు.

ఆ సొమ్ము ఎవరికి పోతుంది? ఖర్చులు పోగా, సెక్షన్ 53 ప్రకారం కార్మికుల 24 నెలల బకాయి, తాకట్టు పెట్టుకున్న అప్పులవాళ్లతో సమానంగా వస్తుంది. కలిసి కొనడం తప్పు కాదు. కాని పాటగాళ్లంతా లోపాయికారీగా కూడబలుక్కొని ధర పడగొడితే, కొట్టింది ఆ కార్మికుల కడుపు మీదే కదా!

అందుచేత మేము కోరేది ఇంతే: స్థలం కళ్లారా చూడండి. కాగితాలు వకీలుకు చూపించండి. బిడ్డల చదువుకు దాచిన సొమ్ము మాత్రం ఇందులో పెట్టకండి.